పిల్లి పేరు మీద నల్ల పట్టీ

పోయిన నెల మా ఆఫీసులో కేకు కోశారు. ఎవరి పుట్టినరోజూ కాదు. ఓ పెద్ద కేసు ముగిసిందనీ, ఆ కేసు కాగితాల్లోంచి ఒక్క మనిషి వ్యక్తిగత సమాచారం కూడా బయటికి పొక్కలేదనీ కేకు. దాని మీద క్రీముతో తాళంకప్ప బొమ్మ వేయించారు. మా మేనేజరు ఆ తాళంకప్ప ఉన్న ముక్కను చెదరకుండా కోసి, అందరికంటే ముందు నా ప్లేటులో పెట్టాడు. "దీనికి అసలు హక్కుదారు మీరే మేడమ్" అన్నాడు. వెటకారం కాదు. వెటకారం చేయాలంటే ముందు జరిగిందేమిటో తెలియాలి, ఆయనకు అంత ఓపిక ఎక్కడిది? నేను ఆ ముక్క తినలేదు. అందరి ముందూ పారేసే ధైర్యమూ లేదు. టిష్యూ కాగితం కప్పి ప్యాంట్రీ బల్ల మీద వదిలేసి వచ్చాను. కప్పడం మాకు అలవాటైన పనే.

మా ఆఫీసు హైటెక్ సిటీలో ఒక అద్దాల భవనం తొమ్మిదో అంతస్తులో ఉంది. లోపలికి పోవాలంటే మెడలో కార్డు, వేలిముద్ర, ముఖం, మూడూ చూపించాలి. అంత భద్రంగా లోపల దాచేది ఏమిటయ్యా అంటే, ఊరివాళ్ల తగాదాలు. రెండు దేశాల కంపెనీలకు గొడవ వస్తే ఏ దేశం కోర్టు గడపా తొక్కకుండా, ఇద్దరూ కలిసి ముగ్గురు పెద్దమనుషులను పెట్టుకుని గుట్టుగా తేల్చుకుంటారు. దాన్ని అంతర్జాతీయ ఆర్బిట్రేషన్ అంటారు. వెనకటికి ఆ పెద్దమనుషుల ముందుకు కాగితాలు పెట్టెలకొద్దీ వెళ్లేవట. ఇప్పుడు పెట్టెలు లేవు. మెయిళ్లు, ఫోన్లు, వాట్సాప్‌లు. వాటిని పోగేసి, వరస పెట్టి, అనువదించి, కప్పాల్సినవి కప్పి ఎదుటి పక్షానికి అందించడం మా పని. లాయర్లు యూరప్‌లో ఉంటారు, చాకిరీ ఇక్కడ ఉంటుంది.

అందులో నా వాటా తెలుగు వాయిస్ మెసేజ్‌లను విని ఇంగ్లీషులో రాయడం. మాది కృష్ణా జిల్లా. ఇరవై ఏళ్ల కిందట మియాపూర్ వచ్చి పడ్డాను. మొదట్లో కూరగాయలామె "జర పక్కకు జరుగమ్మా" అన్నా బిక్కమొహం వేసేదాన్ని. అలాంటిది ఇప్పుడు ఆ భాషే నాకు అన్నం పెడుతోంది. ఢిల్లీలోనో బెంగళూరులోనో కూర్చున్నవాళ్లకు అర్థంకాని "గిట్లెట్ల జేస్తవ్" నాకు అర్థమవుతుంది కాబట్టే నాకు అక్కడ ఒక కుర్చీ ఉంది. ఈ సంగతి చెప్పుకోవడానికి ఒకప్పుడు గర్వంగా ఉండేది.

కేసు సంగతి ఇది. బాలానగర్‌లో ఒక వర్క్‌షాపు. లేత్ మిషన్ల మీద ఉక్కు కడ్డీలను నున్నగా తరిగి, పంపుల లోపల తిరిగే ఇరుసులు చేస్తారు. యూరప్‌లోని ఓ పంపుల కంపెనీ వాటిని కొనేది. ఒక ఏడాది సరుకులో కొన్ని ఇరుసులు పగిలాయి. మీ పనితనం బాగోలేదని వాళ్లు, మీరు బిగించిన తీరే బాగోలేదని వీళ్లు. పంచాయితీ ముగ్గురు పెద్దమనుషుల దగ్గరికి వెళ్లింది. వాళ్లు వర్క్‌షాపు సూపర్‌వైజరు ఫోనులో ఆ ఏడాది మెసేజ్‌లన్నీ ఎదుటి పక్షానికి చూపించమన్నారు. మా ఆఫీసుకు పని ఇచ్చింది వర్క్‌షాపు తరఫు లాయర్లు.

అప్పుడు మా ఆఫీసు కుర్రాడొకడు పెట్టె పట్టుకుని బాలానగర్ వెళ్లి, ఆ ఫోనుకు తీగ తగిలించి, ఉన్నదంతా జుర్రుకుని వచ్చాడు. కేసు మాటలు ఎన్ని ఉన్నాయో గానీ గృహప్రవేశాలు, శుభోదయాలు, పిల్లల మార్కులు, ఎవరి వీపు మీదో లేచిన పుండు ఫొటో, అన్నీ వచ్చాయి. సూపర్‌వైజరు అంగీకార పత్రం మీద తెలుగులో సంతకం పెట్టాడు. పత్రం మాత్రం ఇంగ్లీషులో ఏడు పేజీలు. ఆ ఏడు పేజీలూ అతనికి ఎవరైనా చదివి చెప్పారా అని నేను అడగలేదు. అడిగితే చెప్పేవాళ్లూ లేరు.

బాలానగర్ వాళ్లకు ఒక పద్ధతి ఉంది. మిషన్ల దగ్గర చేతులకు నూనె ఉంటుంది కాబట్టి ఫోనులో ఎవరూ టైపు చేయరు. వేలి కణుపుతో మైకు బొమ్మ నొక్కిపట్టి మాట్లాడేస్తారు. వెనక మిషన్ల రొద. ఇంకో పద్ధతి, అక్కడ ఎవరూ ఎవర్నీ పేరు పెట్టి పిలవరు. కాకా, బావా, మామా, అన్నా, అల్లుడా. ఓనరు అయితే సేఠ్. రెండు నెలలు హెడ్‌ఫోన్లు పెట్టుకుని వాళ్లను విన్నాను. ఎవరి దగ్గు ఎలా ఉంటుందో, ఎవరు నవ్వి మాట మొదలుపెడతారో కూడా తెలిసిపోయింది. ఒక్కరి పేరూ తెలియలేదు.

ఇక కప్పడం గురించి. యూరప్‌లో మనుషుల సమాచారానికి గట్టి చట్టం ఉంది. తప్పు చేస్తే కంపెనీల తోలు ఊడుతుంది. అందుకని రెండు పక్షాల లాయర్లూ కూర్చుని డేటా రక్షణ ప్రోటోకాల్ అని నలభై పేజీలు రాసుకున్నారు. కేసుతో సంబంధం లేని మనిషి పేరు కనిపిస్తే నల్ల పట్టీ వేయాలి. ఆరోగ్యం మాట వస్తే మొత్తం వాక్యానికే పట్టీ. ముందు యంత్రం, అంటే కంప్యూటర్లోని ప్రోగ్రాం, పట్టీలు వేస్తుంది, తర్వాత మేం చూస్తాం. ఏయే మనుషుల్ని కాపాడాలో రెండు కంపెనీలూ జాబితా ఇచ్చాయి. యూరప్ జాబితాలో డ్రైవర్లు, రిసెప్షన్ అమ్మాయి, వంటమనిషి కూడా ఉన్నారు. బాలానగర్ జాబితాలో ఇద్దరే, సేఠ్, సూపర్‌వైజరు. మిగతావాళ్లు ఎందుకని సేఠ్ అనుకుని ఉంటాడు. లేదా అనుకోనే లేదేమో.

యంత్రం మహా శ్రద్ధగల జీవి. ఒకసారి అటువైపు క్వాలిటీ మేనేజరు సేఠ్‌కు మెయిలు రాశాడు. ఈ వారం రాలేను, మా పిల్లికి ఆపరేషన్ అయింది, దాని పక్కనే ఉండాలి అని. యంత్రం ఆ పిల్లి పేరును మనిషి పేరనుకుని పట్టీ వేసింది. దాని ఆపరేషన్ కూడా ఆరోగ్య సమాచారమే కదా, ఆ వాక్యం మీదా పట్టీ వేసింది. మేనేజరుకు చూపించాను. కాసేపు నవ్వుకున్నాడు. "ఉండనివ్వండి మేడమ్, ఎక్కువ కప్పితే తప్పు లేదు, తక్కువ కప్పితేనే తప్పు" అన్నాడు. సరే, పిల్లి పరువు దక్కింది అనుకున్నాను.

ఆ వారంలోనే ఆ మెసేజ్ వచ్చింది. రెండు నెలల్లో నేను బాగా గుర్తుపట్టే గొంతు అది. అతన్ని అందరూ కాకా అంటారు. గొంతు వెనక ఎప్పుడూ ఒకే లేత్ చప్పుడు. ఆ రోజు మాత్రం మిషన్ చప్పుడు లేదు, ఎక్కడో పక్కకు వెళ్లి మెల్లగా మాట్లాడాడు. సూపర్‌వైజరుకు పంపింది.

"అల్లుడా, గోలీలు ఒడిసినయి. రేపు దవాఖానకు పోయి తెచ్చుకుంట. ఎవలన్న అడిగితే జొరమొచ్చిందని చెప్పు. నాకు ఫిట్స్ ఉన్న ముచ్చట సేఠ్‌కు ఎరుకైతే లేత్ కాడ నిలవడనియ్యడు. ఏడేండ్ల సంది రాలే, ఇగ రాదు. నీకొక్కనికే చెప్తున్న. ఫికర్ జెయ్యకు."

రాశాను. మాత్రలు అయిపోయాయి, ఆస్పత్రికి వెళ్తాను, మూర్ఛ సంగతి యజమానికి తెలిస్తే లేత్ దగ్గర ఉండనివ్వడు. అంతా పొల్లుపోకుండా ఇంగ్లీషులో. 'అల్లుడా' మాత్రం వదిలేశాను. పిలుపులు కేసుకు అవసరం లేదు, వదిలేయండని మాకు సూచనలున్నాయి. యంత్రం చదివి, పేరేదీ దొరక్క, పక్కన ఆకుపచ్చ టిక్కు పెట్టింది. వ్యక్తిగత సమాచారం లేదు అని దానర్థం. ప్రతి మెసేజ్ పైనా పంపినవాళ్ల ఫోన్ నంబరు ఉంటుంది. బయటికి వెళ్లే ప్రతిలో దాన్ని యంత్రం తనంతట తనే కప్పేస్తుంది. నా తెర మీద మాత్రం కనిపిస్తుంది.

ఆకుపచ్చ టిక్కు చూసి నాకు మండింది. ఆరోగ్యం అనే గడిని నొక్కి, పట్టీ వేయమని రాయబోయాను. 'ఎవరి ఆరోగ్యం' అని యంత్రం అడిగింది. జాబితాలోంచి పేరు ఎంచుకోవాలి. కాక జాబితాలో లేడు. చేత్తో 'కాక' అని కొట్టాను. అటువంటి వ్యక్తి లేడు అంది. ఖాళీగా వదిలేస్తే ముందుకు కదలనివ్వదు. మేనేజరు దగ్గరికి వెళ్లాను.

"పేరు లేదు కదా మేడమ్. పేరు లేనప్పుడు అది పర్సనల్ డేటా ఎలా అవుతుంది? ఎవరో తెలిస్తేగా ఆయనకు నష్టం."

"మనకు తెలియదండీ. బాలానగర్‌లో ఎవర్నడిగినా చెప్తారు. లేత్ మీదుండే కాక అంటే ఆ షాపులో ఒక్కడే ఉంటాడు."

"బాలానగర్ వాళ్లకు ఈ ఫైలు వెళ్లదు కదా. ప్రోటోకాల్‌లో లేని పట్టీ మనమేస్తే అది డీవియేషన్. ఆడిట్‌లో దొరికిపోతాం."

"ఫిట్స్ అండీ. ఉద్యోగం పోతుంది ఆయనకి. పిల్లికి వేశాం కదా, ఈయనకు వేస్తే ఏం పోయింది?"

ఆయన ఈసారి నవ్వలేదు. చిన్న పిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "పిల్లికి పేరుంది మేడమ్."

ఇంత చదువు చదివి, ఇన్ని సర్టిఫికెట్లు గోడకు తగిలించుకుని, చివరికి తేల్చింది ఇదీ. కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకోవాలంటారు. ఇక్కడ కంచె మేయదు, కంచెకు చేను కనిపించదు. అక్కడి పిల్లి కనిపిస్తుంది, ఇక్కడి మనిషి కనిపించడు. మన దేశానికీ చట్టం వచ్చింది కదా అంటే, ఇంకా పూర్తిగా అమల్లోకి రాలేదు మేడమ్, వచ్చాక చూద్దాం అన్నాడు.

ఇప్పుడు అందర్నీ తిట్టిపోస్తున్నాను గానీ, నేను ఆ రోజు చేసింది కూడా చెప్పాలి. లాయర్లకు నేరుగా రాయడానికి ఒక మెయిల్ చిరునామా ఉండేది. ఇలాంటి సందేహాలకే పెట్టారు. రాయొచ్చు. ఆ వారం మా అప్రైజల్. పైవాడిని దాటి రాసినవాళ్ల గతి ఏమైందో అంతకుముందు ఏడాది చూశాను. సీటుకు తిరిగొచ్చి, గడి మూసేసి, 'నెక్స్ట్' నొక్కాను. తర్వాతి మెసేజ్‌లో ఎవరో బావకు సత్యనారాయణ వ్రతానికి రమ్మని పిలుపు.

నెలలు గడిచాయి. విచారణ రోజులు వచ్చాయి. విచారణ అంటే ఎవరూ ఎక్కడికీ వెళ్లరు. ముగ్గురు పెద్దమనుషులు మూడు దేశాల్లో, లాయర్లు ఒక దేశంలో, సాక్షి మా భవనంలోనే ఒక గదిలో, అందరూ తెర మీద కలుస్తారు. వాళ్లకు ఉదయం, మనకు మధ్యాహ్న భోజనాల వేళ. వర్క్‌షాపు తరఫున లేత్ ఆపరేటరు ఒకరు వచ్చి, ఇరుసులను ఎలా తరిగేవాళ్లో, ఎలా కొలిచేవాళ్లో చెప్పాలన్నారు. పక్కన కూర్చుని మాట మార్చి చెప్పడానికి ఢిల్లీ నుంచి ఒక పెద్దాయన్ను పెట్టారు. ముందురోజు పరీక్షకు మాట్లాడిస్తే, "తమరు కొలత ప్రక్రియను ఏ విధముగా నిర్వర్తించెదరు" అని అడిగాడట. సాక్షి "ఈయనేం మాట్లాడుతున్నడు" అని పక్కవాళ్లను అడిగాడట. దాంతో మేనేజరు నన్ను ముందుకు తోశాడు.

దానికీ ఒక ఫారం. సాక్షిని ఎప్పుడైనా కలిశారా? లేదు. సాక్షితో ఎప్పుడైనా మాట్లాడారా? లేదు. సాక్షి మీకు బంధువా? కాదు. మూడూ నిజాలే. సాక్షి మాట ఎప్పుడైనా చాటుగా విన్నారా అని ఎవరూ అడగలేదు. ఆ వచ్చే ఆపరేటరు ఎవరో నాకూ తెలియదు. ఆ షాపులో మిషన్లు చాలా ఉన్నాయి, ఎవరైనా కావచ్చు అనుకుని సంతకం పెట్టాను. అనుకున్నాను అనడం కూడా అబద్ధమే. అనుకోవడం ఇష్టంలేక ఊరుకున్నాను.

సేఠ్ తన కారులో తీసుకొచ్చాడు. సాక్షికి యాభై అయిదేళ్లుంటాయి. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, గోళ్ల సందుల్లో ఎంత కడిగినా పోని నలుపు. సేఠ్ కేసులో ఒక పక్షం కాబట్టి వినే హక్కుంది, ఆయన్ను పక్క గదిలో తెర ముందు కూర్చోబెట్టారు. సాక్షి కారిడార్‌లో నిలబడి అటూ ఇటూ చూసి నా దగ్గరికి వచ్చాడు.

"బిడ్డా, జర నీళ్లు దొర్కుతయా ఈడ?"

కాకే. ఆ గొంతు నా చెవుల్లో రెండు నెలలు కాపురం ఉంది. ఇప్పుడు దానికి ముఖం, నెరిసిన మీసం, కళ్లజోడు. సాక్షితో అనువాదకులు విడిగా మాట్లాడకూడదు. కెమెరాలున్నాయి. ఆ కాగితం వాళ్ల దగ్గర ఉంది, అడుగుతారేమో జాగ్రత్త అని ఒక్క ముక్క చెప్పడానికి అర నిమిషం చాలు. నేను చేయి చూపించి, "నీళ్లు అక్కడున్నాయండీ" అన్నాను.

గదిలోకి వెళ్లేముందు సోదా. విచారణ గదిలో సాక్షి దగ్గర ఏమీ ఉండకూడదని నియమం. ఫోను, పర్సు, పాత బస్సు టికెట్టు తీసి ట్రేలో పెట్టించారు. చొక్కా జేబులోంచి మాత్రల పట్టీ ఒకటి బయటికి తీశాడు. ట్రేలో పెడుతూ, మందు పేరున్న వైపు కిందికి వచ్చేలా తిప్పి బోర్లా పెట్టాడు. మా నలభై పేజీల వల్ల కానిది రెండు వేళ్లతో చేసేశాడు. చూసింది నేనొక్కదాన్నే.

తర్వాత తతంగం. కెమెరాను గది నాలుగు మూలలకూ తిప్పి చూపించారు. బల్ల కింద ఎవరూ లేరని అద్దం పెట్టి చూపించారు. నీళ్ల సీసా మీది కాగితం కూడా చించేశారు, దాని మీద ఎవరైనా సమాధానాలు రాసుంటారని భయం. కాకతో దేవుడి మీద ప్రమాణం చేయించారు. అటువైపు లాయరు నలభై ఏళ్లావిడ, చక్కటి మర్యాద, ప్రతి ప్రశ్నకూ ముందు థాంక్యూ.

"ఈ కొలతల గురించి మీరు వ్యక్తి-పద్నాలుగుతో మాట్లాడారా?" అని అడిగింది. అలాగే చెప్పాను.

"గాయినెవలు?" అన్నాడు కాక.

జాబితాలోని మనుషులకు పేర్ల బదులు అంకెలు ఇచ్చారు. పద్నాలుగు ఎవరో నాకు తెలుసు, పిల్లిని పెంచే క్వాలిటీ మేనేజరే. చెప్పకూడదు. "పేరు చెప్పడానికి లేదండీ, వ్యక్తి-పద్నాలుగు అనే చెప్పాలి" అన్నాను.

"పేరు చెప్పకుంటే నాకెట్ల ఎరుకైతది? పొడుగుటాయననా, బట్టతలాయననా?"

పెద్దమనుషులు ముగ్గురూ తర్జనభర్జన పడ్డారు. బట్టతల కూడా వ్యక్తిగత సమాచారమే అవుతుందా అన్న దాని మీద చర్చ జరిగింది. నేను కల్పించి చెప్పడం లేదు. చివరికి ఆ ప్రశ్నే వదిలేశారు. అయిదు దేశాల మేధావులు ఒక మనిషి బట్టతలను కాపాడి, తృప్తిగా నీళ్లు తాగారు.

అప్పుడు ఆవిడ, "సున్నితమైన విషయం, ముందే క్షమాపణ చెబుతున్నాను" అంటూ ఒక పేజీ తెర మీద పెట్టింది. నేను రాసిన పేజీ. నంబరు మీద నల్ల పట్టీ, లేత్ అన్న మాట మీద పసుపు రంగు గీసి ఉంది. ఈ మాటలు మీవేనా అంటూ తన ఇంగ్లీషులో నెమ్మదిగా చదివింది, నా వైపు చూసి ఆగింది. నేను తెలుగులో చెప్పాలి.

అంతవరకు కాకతో నా భాషలోనే మాట్లాడుతున్నాను. చెప్పండి, చూడండి, కొలిచారా అండీ. కానీ ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి నా నోరు నా మాట వినలేదు. ఆ మెసేజ్ సరిగ్గా రాయడానికి ఆ రోజు పదిసార్లు విన్నాను. తర్వాత నిద్రలో కూడా విన్నాను. ఇంగ్లీషు తెలుగు కావడానికి బదులు అసలుదే బయటికి వచ్చేసింది. "అల్లుడా, గోలీలు ఒడిసినయి. రేపు దవాఖానకు పోయి తెచ్చుకుంట..." అని చివరి ముక్క దాకా, అతను ఆగిన చోటల్లా ఆగుతూ.

కాక తెర మీద నుంచి చూపు తిప్పి నన్ను చూశాడు.

"సేఠ్ ఇంటున్నడా?" అన్నాడు తర్వాత.

అడిగాను. ప్రధాన పెద్దమనిషి, తెల్లజుట్టాయన, ఎంతో దయగా చెప్పాడు. ఇది బహిరంగ విచారణ కాదు, మీ విషయం ఈ గదులు దాటి వెళ్లదు, పక్షాలు తప్ప ఎవరూ వినరు అని. ఆ దయంతా మార్చి చెప్పాను. ఊరంతటికీ తెలిసినా కాక తట్టుకునేవాడేమో. తెలియకూడనిది ఒక్క పక్షానికే, ఆ పక్షం గోడ అవతల కూర్చుని ఉంది.

కాక కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "సారూ, మా ఊర్ల పంచాయితీలు నేను గూడ సూసిన. గట్టు పంచాయితి అయితే గట్టు ముచ్చటనే అడుగుతరు. మనిషి రోగం నలుగుట్ల తియ్యరు. గా రోజు తరిగిన ఇరుసు నా ముంగట పెట్టుండ్రి, అది వంకరున్నదో సక్కగున్నదో సూడుండ్రి. నా ఒళ్లు జూసుడెందుకు?"

మార్చి చెప్పాను. ప్రధాన పెద్దమనిషి తల ఊపి, నమోదు చేసుకున్నాం, థాంక్యూ అన్నాడు.

"ఇంగొక్కటి. నా మాటను ఇంగ్లీష్ జేసిందెవలు?"

నేను ఆ ప్రశ్నను ఇంగ్లీషులోకి మార్చాను. లాయరమ్మ పేజీ అడుక్కి జరిపింది. 'ఇది సరైన అనువాదమని ధ్రువీకరిస్తున్నాను' అన్న వాక్యం, దాని కింద ఒక నల్ల పట్టీ. అనువాదకుల పేరు వ్యక్తిగత సమాచారం, ప్రోటోకాల్ ప్రకారం కప్పేశారు అంది. ఇప్పుడిది నేను తెలుగులో చెప్పాలి.

"రాసినవాళ్ల పేరు చెప్పరండీ. వాళ్ల వ్యక్తిగత సమాచారం కాబట్టి కప్పేశారు."

"మంచిగైంది" అన్నాడు కాక. "ఎవలదో ఒకలదన్న దాసిన్రు."

ఆ మాట కూడా మార్చి చెప్పాను. తెర మీద ఎవరో మర్యాదగా నవ్వారు.

తీర్పు చాలా నెలల తర్వాత వచ్చింది. కాగితాలు సర్దేటప్పుడు చదివాను. ఇరుసులు పగలడానికి కారణం లేత్ పని కాదట, అసలు ఉక్కులోనే లోపం ఉందట. ఆపరేటరు ఆరోగ్యం ఈ తగాదాకు సంబంధం లేని విషయమని కింద చిన్న అక్షరాల్లో ఒక ముక్క రాశారు. ఆపరేటరు అనే రాశారు. ఇల్లు తగలబెట్టి, మాకు ఈ ఇంటితో పనిలేదు అన్నట్టుంది. ఆ తర్వాతే కేకు.

లిఫ్టు దగ్గర జరిగింది ఇంకా చెప్పలేదు.

ఆ పేజీ అయ్యాక విరామం ఇచ్చినప్పుడు సేఠ్ పక్క గదిలోంచి బయటికి వచ్చి, కాకతో రెండు మాటలు మాట్లాడి వెళ్లిపోయాడు. సాయంత్రం అయ్యేసరికి కారు లేదు. కాక ట్రేలోంచి ఫోను, పర్సు, మాత్రలు తీసుకుని లిఫ్టు దగ్గర నిలబడ్డాడు. సాక్ష్యం అయిపోయింది కాబట్టి ఇప్పుడు మాట్లాడొచ్చు. నియమాలు నాకు బాగా తెలుసు.

"సేఠ్ గారేమన్నారండీ?" అన్నాను.

"రేపటి సంది లేత్ వద్దన్నడు. గేటు కాడ కూసోమన్నడు. ఇరవై ఎనిమిదేండ్లు బిడ్డా, గా మిషన్ నేనే నడిపిన. దాని మోత మారితే నిద్రల గూడ ఎరుకయ్యేది నాకు." కోపంగా అనలేదు. లిఫ్టు అంకెల వైపు చూస్తూ అన్నాడు. "ఒక్క మాట అడుగుత. ఆ కాగితం మీద అల్లుడా అని ఉండెనా?"

"లేదండీ."

"ఆ దొరసాని సదివినప్పుడు అన్నదా?"

"లేదండీ."

"మరి నీ నోట్లకెట్లొచ్చె?"

ఏడుపు వచ్చింది. సిగ్గుతో వచ్చిన ఏడుపు, జాలి పడనక్కర్లేదు. నేనే రాశానండీ అన్నాను. పేరు చెప్పాను, ఇంటిపేరుతో సహా. పట్టీ నా చేత్తో నేనే పీకేస్తున్నానని, అదేదో పెద్ద త్యాగమని ఆ క్షణంలో నాకు అనిపించిన మాట నిజం. పట్టీ వేయిద్దామని ప్రయత్నించాననీ, ఆ ఫారం పేరు లేకుండా తీసుకోలేదనీ, మీ పేరు నాకు తెలియదనీ గబగబా చెప్పుకొచ్చాను.

కాక అంతా విన్నాడు. నా పేరును పట్టించుకోలేదు.

"నా పేరెరుక లేకపాయె, సరే. నంబర్ ఉండె గద బిడ్డా, మెసేజ్ మీద? ఒక్క ఫోన్ జేస్తే అయిపోతుండె. గట్లొస్తున్నదని ఎరుకుంటే నేనే సేఠ్‌కు ముందుగాల చెప్పుకుందును. నా నోటితోని నేను చెప్పుకుంటే అది వేరే ఉంటుండె."

లిఫ్టు వచ్చింది. ఎక్కి, తలుపు మూసుకునేదాకా నన్ను చూస్తూనే ఉన్నాడు. ఉందండీ, నంబరు ఉంది అని నేను అనేటప్పటికి తలుపు మూసుకుంది. ఆ పది అంకెలూ నాకు అప్పుడూ నోటికి వచ్చు, ఇప్పుడూ వచ్చు. ఇంతవరకు ఫోను చేయలేదు.